వదిన కోసం ముందుగా చూసిన సినిమాలు

టైలరు షాపు మేడమీది గది,
బుధవారం మధ్యాహ్నం

టపాకాయకి,

మీ అన్నయ్య నిన్ను పిలిచే పేరుతోనే మొదలుపెట్టాను. ఆ పేరు పలికే మనిషి పోయి ఏడాది దాటింది. నా రాతలోనైనా అది ఉండనీ అనిపించింది.

నీ ఉత్తరం అందింది. గదిలో కూర్చుని గోడలు చూస్తే ఏమొస్తుంది, ఈ ఆదివారం ఏదైనా కొత్త సినిమాకి వెళ్ళు అని కోప్పడ్డావు. ఫోనులో చెప్పి చెప్పి విసిగిపోయి రాశావని తెలుసు. ఏం చేయను, ఫోనులో నీ గొంతు నాకు రేకుల మీద వాన పడ్డట్టు వినిపిస్తుంది. మనిషి ఎదురుగా ఉంటే పెదాలు చూసి సగం పోల్చుకుంటాను. మిగతా సగం దేవుడి దయ.

మా ఊళ్ళో రెండు హాళ్ళున్నాయని నీకు తెలుసు. బస్టాండు దగ్గరి పెద్ద హాల్లో ఓడ బొమ్మ ఉన్న సినిమా వచ్చింది. వంతెన పక్కన చిన్న హాల్లో కోర్టు సినిమా. పెద్ద హాలు సినిమా ఈ వారంతో పోతుందట. కోర్టు సినిమా ఇంకా కొన్నాళ్ళు ఉంటుందట. కోర్టు అంటే నల్లకోట్లు వేసుకుని ఒకరి మీద ఒకరు అరుచుకోవడమే కదా. మాటలు వినపడని దానికి వాదన ఎందుకు, తీర్పు ఎందుకు?

మీ అన్నయ్య ఉన్నప్పుడు సంగతి వేరు. నా కుడిపక్క కూర్చుని, ప్రతి మాటా చెవి దగ్గర మళ్ళీ చెప్పేవారు. ఆయన మెల్లగా చెప్తే నాకు వినపడేది కాదు, గట్టిగా చెప్తే హాలంతా వినపడేది. ఒకసారి వెనక సీటు ఆయన ముందుకు వంగి, "మాస్టారూ, ఒక టికెట్టుకి రెండు సినిమాలు చూపిస్తున్నారు" అన్నాడట. మీ అన్నయ్య "రెండోది ఉచితమండీ, వినండి" అన్నారట. విలన్ బూతులు తిట్టినప్పుడు మాత్రం "ఏదో అన్నాడులే, నీకు పనికొచ్చేది కాదు" అని ఊరుకునేవారు. నేను ఇన్నేళ్ళు చూసిన సినిమాల్లో ఒక్క చెడ్డమాట కూడా లేదు.

కింద టైలరు గారి భార్యతో నీ ఉత్తరం సంగతి చెప్పాను. నాకు అర్థమయ్యేలా పెదాలు పెద్దవి చేసి, "వెళ్ళండక్కా, ఒక్కరే వెళ్తే ఎవరేమంటారు? ఎవరూ చూడరు కూడా" అంది. మంచి మనసుతోనే అంది. కానీ ఆ "ఎవరూ చూడరు కూడా" అన్న మాట దగ్గరే నేను ఆగిపోయాను.

స్కూళ్ళు తెరిచే రోజులు కదా, యూనిఫారం చొక్కాలు కుప్పలుగా వచ్చాయి. కాజాలు కుట్టుకుంటూ ఉంటే పొద్దు గడిచిపోతోంది. నా గురించి బెంగ పెట్టుకోకు. వేళకి తిను.

మీ వదిన


లాడ్జి వెనక, దుప్పట్ల గది,
శనివారం

వదినా,

తీర్పు ఎందుకు, వాదన ఎందుకు అని పెద్ద వేదాంతిలా రాశావు. నీ వేదాంతం పెట్టెలో పెట్టి తాళం వెయ్యి. నాకో ఉపాయం తట్టింది.

ఇక్కడ కొత్త సినిమాలు శుక్రవారం వస్తాయి. నా సెలవూ శుక్రవారమే. నేను పొద్దున ఆటకి వెళ్ళి చూస్తాను. చూసొచ్చి కథంతా, ఎవరు ఎవరితో ఏమన్నారో, ఎక్కడ ఏడవాలో ఎక్కడ నవ్వాలో నీకు రాస్తాను. నువ్వు తీరిగ్గా చదువుకుని ఆపై ఆదివారం మధ్యాహ్నం ఆటకి వెళ్ళు. అన్నయ్య చెవిలో చెప్పేవాడు, నేను కాగితం మీద చెప్తాను. వెనక సీటువాళ్ళతో తగాదా కూడా ఉండదు. బూతులు నేనూ వదిలేస్తాలే.

ఇదంతా నీ మీద దయ అనుకోకు. నా స్వార్థం ఉంది. ఇక్కడ నాతో పనిచేసే ఆవిడ కూతురి దగ్గరికి వెళ్ళిపోయింది. పెద్ద దుప్పటి మడవాలంటే అవతలి చివర ఒకరు పట్టుకోవాలి కదా. ఇప్పుడు అంచు గడ్డం కింద నొక్కిపెట్టి, రెండు చేతులూ చాచి ఒక్కదాన్నే మడుస్తున్నాను. మేనేజరు చూసి "ఏంటమ్మా, ఎగిరిపోతావా?" అన్నాడు. రోజు మొత్తం మీద నాతో ఎవరైనా అన్న పెద్ద మాట అదే. మిగతావన్నీ "పై గదికి తువ్వాళ్ళు", "కింద గదికి సబ్బు".

అన్నయ్య ఉన్నప్పుడు పుట్టింటికి వెళ్తున్నానని సెలవు అడిగేదాన్ని. ఇప్పుడు ఎక్కడికని చెప్పను? నీ గదే నాకు మిగిలిన పుట్టిల్లు. కానీ అన్న లేని ఇంట్లో ఆడపడుచు ఎంతకాలం ఆడపడుచు, చెప్పు? నీకు నాతో ఏదో ఒక అవసరం ఉంటే ఆ గుమ్మం నాకు మూసుకుపోదు అనుకుంటున్నాను. మూతి ముడుచుకోకు. మనసులో ఉన్నదే రాశాను.

సరే, కోర్టు సినిమా. నిన్ననే అయింది. లాయరు కుర్రాడికి మొదటి కేసు. ఒక బ్యాంకు గుమాస్తా మీద దొంగతనం మోపుతారు. అసలు దొంగ ఎవరంటే బ్యాంకు మేనేజరు బావమరిది, అతనికి పిల్లి కళ్ళు, చూడగానే నువ్వే పట్టేస్తావు. లాయరు కుర్రాడు మొదట ఓడిపోతాడు, వానలో నడుస్తాడు, తర్వాత గెలుస్తాడు. అన్నిటికన్నా గొప్ప సీను ఇంటర్వెల్ తర్వాత. గుమాస్తా తల్లి బోనెక్కుతుంది. "నా కొడుకు దొంగైతే, ముందు నాకొక మంచి చీర దొంగిలించి తెచ్చేవాడు, ఈ చిరుగు చూడండి" అంటుంది. జడ్జి కూడా కళ్ళజోడు తీసి తుడుచుకుంటాడు. అక్కడ బాగా ఏడు. జేబురుమాలు పట్టుకెళ్ళు.

నీ మరదలు


టైలరు షాపు మేడమీది గది,
సోమవారం

అమ్మాయ్,

వెళ్ళొచ్చాను.

టికెట్ల వరసలో నిలబడ్డాను. కిటికీ లోపలి అతను ఏదో అడిగాడు, అర్థం కాలేదు. మళ్ళీ అడిగాడు. చివరికి విసుగ్గా ఒక వేలు పైకెత్తి చూపించాడు. ఒకటేనా అని. నేనూ ఒక వేలు చూపించాను. ఇంత చిన్న సంగతికి కళ్ళల్లో నీళ్ళు వస్తాయని అనుకోలేదు.

లోపల దారి పక్క సీటు దొరికింది. ఫ్యాను కిర్రుమని తిరుగుతున్నట్టుంది, గాలి మాత్రం రాలేదు. నా కుడిపక్క సీటు ఖాళీ. అవతలాయన దాని మీద తన సంచి పెట్టుకున్నాడు. ఆ సీటు ఎవరిదీ కాదు, పెట్టుకుంటే తప్పేముంది? అయినా నాకు సినిమా మొదలయ్యేదాకా ఆ సంచి మీదే చూపు. దీపాలు ఆర్పగానే చేతులు జోడించి, "స్వామీ, ఈ మూడు గంటలూ నన్ను కనిపెట్టుకుని ఉండు" అనుకున్నాను.

నీ ఉత్తరం పుణ్యమా అని కథంతా తెలిసిపోయింది! పిల్లి కళ్ళవాడు తెరమీదికి రాగానే "వీడే" అని పైకే అనేశాను. సంచి ఆయన నావైపు గుర్రుగా చూశాడు. పాపం, ఆయన సరదా పాడుచేసినట్టున్నాను.

ఒక్కటే సందేహం. ఆ తల్లి బోనెక్కి చీర చిరుగు చూపించడం నాకెక్కడా కనపడలేదు. వస్తుంది వస్తుందని రుమాలు చేతిలో పట్టుకుని ఆఖరిదాకా కూర్చున్నాను. తల్లి గోడమీద ఫొటోలో ఉంది, అంతే. మధ్యలో కునుకు పట్టిందేమో. కాజాలు కుట్టి కుట్టి కళ్ళు మూతలు పడుతున్నాయి ఈమధ్య.

గుమ్మం మూసుకుపోవడం గురించి రాశావు. దాన్ని రెండుసార్లు చదివాను. నాకు నీలాగా మాటలు రావు. నువ్వు రావాలి, ఉండాలి. అంతకన్నా రాయడం చేతకాదు.

మళ్ళీ వారానికి పెద్ద హాల్లో దెయ్యం సినిమా వస్తుందట. చిన్న హాల్లో దీపస్తంభం బొమ్మ ఉన్న సినిమా, ఒకాయన లాంతరు పట్టుకుని నిలబడ్డాడు. దెయ్యం సినిమాకి చెవులు అక్కర్లేదు, కళ్ళు మూసుకుంటే చాలు. ఏది చూడమంటావు? రెండిటికీ వెళ్ళే ఓపిక లేదు. నువ్వే ఖాయం చెయ్యి.

మీ వదిన


లాడ్జి వెనక, దుప్పట్ల గది,
శనివారం

వదినా,

నిద్రపోవడం కాదు, కోసేసి ఉంటారు! చిన్న ఊళ్ళ హాళ్ళలో అంతే. ఆట తొందరగా అయిపోతే ఇంటికి తొందరగా పోవచ్చని నచ్చిన చోట కత్తెర వేస్తారు. తల్లి సీను కోసినవాడు బాగుపడడు. గేటు దగ్గర నిలబడి గట్టిగా అడుగు.

దెయ్యం సినిమా వద్దు. నీకు ప్రార్థన చేసుకునే పని తప్ప సినిమా చూసే తీరిక ఉండదు. నిన్న ఇక్కడ ఆ సినిమాకి జనం ఎంతలా ఎగబడ్డారో! హాలు బయట టీ అమ్మే ఆయన గ్లాసులు సరిపోక గిన్నెలో పోసిస్తున్నాడు. బళ్ళ స్టాండు మనిషి ఈల వేసి వేసి బుగ్గలు ఉబ్బిపోయాయి. ఆట వదిలాక ఒకావిడ ఒక చెప్పు వేసుకుని రెండో చెప్పు కోసం గేటు దాకా కుంటుతూ వచ్చింది. ఇంకొకావిడ మొగుణ్ణి "నువ్వే అరిచావు, నేను కాదు" అని అందరి ముందూ తిడుతోంది. వాడు నేల చూపులు. నీకు చూపించాల్సిన సినిమా ఆ మొగుడూ పెళ్ళాలదే.

నువ్వు దీపస్తంభానికే వెళ్ళు. ఎక్కువ మంది లేరు, ప్రశాంతంగా చూడొచ్చు. కథ చెప్తాను విను.

సముద్రం ఒడ్డున దీపస్తంభం కాపలావాడు. అతనికి ఒక చెల్లెలు. చిన్నప్పుడు అన్నతో పోట్లాడి, ఓడ ఎక్కి వెళ్ళిపోయింది. అప్పట్నుంచి ఇతను ఒక్క సాయంత్రం కూడా దీపం మానలేదు. జ్వరం వచ్చినా లేచి మెట్లెక్కుతాడు. ఊళ్ళోవాళ్ళు "ఈ దారిన ఓడలు రావడం మానేశాయి, ఎవరి కోసమయ్యా?" అంటారు. "దారి తెలియాలి కదా మా చెల్లికి" అంటాడు. అంతే, ఎక్కువ మాట్లాడడు. చివర్లో పెద్ద గాలివాన. దూరంగా ఒక పడవ. ఆ పడవలో చెల్లెలే! తలమీద కొంగు కప్పుకుని మెట్లెక్కి వస్తుంది. అతను లాంతరు ఎత్తి ముఖం చూస్తాడు. "ఆలస్యమైందే" అంటాడు. ఆవిడ "అవునన్నయ్యా" అంటుంది. సినిమా అయిపోయింది.

పోస్టర్లో ఒక మూల ఉన్న చిన్నది ఆ చెల్లెలే. చూసి ఎలా ఉందో రాయి.

నీ మరదలు


టైలరు షాపు మేడమీది గది,
సోమవారం

అమ్మాయ్,

నవ్వాలో ఏడవాలో తెలియకుండా ఉన్నాను. జరిగింది జరిగినట్టు రాస్తాను, కోపం తెచ్చుకోకు.

హాల్లో పట్టుమని పదిమంది లేరు. నేను చెల్లెలి కోసం ఎదురుచూస్తూ కూర్చున్నాను. పోస్టర్లో అమ్మాయి వచ్చింది. ఓహో, ఈవిడే కదా చెల్లెలు, మంచి ముఖం అనుకున్నాను. అంతలో వాన మొదలైంది. కాపలావాడు ఆ అమ్మాయిని నడుం పట్టుకుని గిరగిరా తిప్పి, ఇసకలో దొర్లుతూ పాట! అమ్మాయ్, నా పైప్రాణాలు పైనే పోయాయి. కళ్ళు గట్టిగా మూసుకుని దేవుణ్ణి తలుచుకున్నాను. పాట అయిందేమో అని ఒక కన్ను తెరిస్తే ఇంకా తిప్పుతూనే ఉన్నాడు.

ఆ కాపలావాడు దీపం పెట్టేది దొంగసరుకు పడవల కోసం. ఆ అమ్మాయి దొంగల నాయకుడి కూతురు. ఆఖరికి అతనే తుపాకీ దెబ్బకి మెట్ల మీదనుంచి పడిపోయాడు. చెల్లెలు లేదు. ఓడ ఎక్కి వెళ్ళినవాళ్ళూ లేరు, తిరిగి వచ్చినవాళ్ళూ లేరు.

బయటికి వచ్చేటప్పుడు, నువ్వు చెప్పావు కదా అని, గేటుమనిషిని అడిగాను. "బాబూ, ఇందులో చెల్లెలి సంగతి కోసేశారా?" అన్నాను. పాపం ఆయన చెవి దగ్గరికి వచ్చి అరిచి చెప్పాడు. "మేము చింపేది టికెట్లే పెద్దమ్మా! సినిమాలు చింపడం మాకు రాదు!" చుట్టూ ఉన్నవాళ్ళు నవ్వారు. నేనూ నవ్వాను.

ఇంటికి వచ్చి నీ ఉత్తరాలు రెండూ ముందేసుకున్నాను. తప్పులు వెతుకుదామని కాదు. నీ రాతలో గేటు బయట సంగతులు ఎంత చక్కగా ఉన్నాయో! టీ ఆయన గిన్నె, స్టాండు మనిషి బుగ్గలు, చెప్పు కోసం కుంటే ఆవిడ. కళ్ళకి కట్టినట్టున్నాయి. కానీ లోపలి సంగతి ఒక్కటీ లేదు. నువ్వు కూర్చున్న సీటు లేదు. చీకటి లేదు. పక్కన ఎవరున్నారో లేదు. నేను వెళ్ళింది రెండుసార్లే, నాకు చెప్పడానికి అవే ఉన్నాయి.

నువ్వు లోపలికి వెళ్ళడం లేదు కదూ?

ఆ అన్న జ్వరంలో కూడా లేచి దీపం పెట్టడం, "ఆలస్యమైందే" అనడం చదివినప్పుడు ఎవరి గొంతులో వినపడిందో నీకు చెప్పాలా? చాలా కాలానికి నాకు ఒక మాట స్పష్టంగా వినపడింది. హాల్లో చూసినదానికన్నా నువ్వు రాసిందే నాకు కావాలి. అందుకని అడుగుతున్నాను, తప్పు పట్టడానికి కాదు. ఏమైందమ్మా? నన్ను వెళ్ళమని అంత గట్టిగా చెప్పినదానివి, నువ్వెందుకు గేటు దగ్గరే ఆగిపోతున్నావు?

మీ వదిన


టైలరు షాపు మేడమీది గది,
ఆదివారం

టపాకాయకి,

నీ జవాబు రాలేదు. ఒక వారం పోస్టు ఆలస్యం అనుకున్నాను. రెండో వారం నీకు పని ఎక్కువ అనుకున్నాను. ఇంక ఏమీ అనుకోలేకపోతున్నాను. నిన్న కింద టైలరు గారి చేత లాడ్జికి ఫోను చేయించాను. "ఉందండీ, పనిలో ఉంది, బాగానే ఉంది" అని మేనేజరు పెట్టేశాడట. బాగానే ఉందంటే దేవుడికి దణ్ణం పెట్టుకున్నాను. బాగానే ఉండి రాయడం లేదంటే, అది నా మూలంగానే కదా.

నేను అడగకుండా ఉండాల్సింది. ఎవరో కోశారని నమ్మినట్టే ఉండి, నీ కథలు చదువుకుంటూ ఉంటే ఏం పోయేది? నీ అబద్ధాన్ని పట్టుకోవాలని అడగలేదు. అంత రద్దీలో నువ్వు గేటు దగ్గర ఒక్కదానివే నిలబడటం నా కళ్ళకి కనపడింది. అది చూసి ఊరుకోలేకపోయాను.

ఒక సంగతి ఖచ్చితంగా రాస్తున్నాను, ఇది మాత్రం గుర్తుపెట్టుకో. అవసరం ఉంటేనే గుమ్మం తెరిచి ఉంటుందని రాశావు. నువ్వు నాకు సినిమా కథలు చెప్పకపోయినా, ఏమీ చెయ్యకపోయినా, వచ్చి మంచం మీద కాళ్ళు చాపుకుని పడుకున్నా, నువ్వు ఈ ఇంటి ఆడపిల్లవి. మీ అన్నయ్య తన చెల్లెల్ని నాకు వదిలి వెళ్ళారు. తీసుకుని వెళ్ళలేదు. నాకు మాటలు రావని రాశానే, ఈ నాలుగు వాక్యాలు కూర్చడానికి పొద్దుట్నుంచి పట్టింది.

ఈ వారం రెండు హాళ్ళలోనూ కొత్త సినిమాలే. పెద్ద హాల్లో కవల పిల్లల బొమ్మ. చిన్న హాల్లో రైలు బొమ్మ, పెట్టె పట్టుకున్న ఒక అమ్మాయి. ఏది చూడాలో తేలలేదు. కాసేపు బస్టాండు వైపు నడిచాను, కాసేపు వంతెన వైపు నడిచాను. మధ్యలో పండ్ల దుకాణం ముందు నిలబడిపోయాను. దుకాణమావిడ "ఏం కావాలి?" అని రెండుసార్లు అడిగింది. ఏమీ వద్దని చెప్పి ఇంటికి వచ్చేశాను. ఎవరైనా "ఇది చూడు" అని చెప్పకపోతే వెళ్ళబుద్ధి కాలేదు. కథ తెలియకపోయినా ఫరవాలేదు. చెప్పే మనిషి ఉండాలి.

ఖాళీ కాగితమైనా కవర్లో పెట్టి పంపు. చాలు.

మీ వదిన


లాడ్జి వెనక, దుప్పట్ల గది,
శుక్రవారం సాయంత్రం

వదినా,

మేనేజరుకి నువ్వు చేయించిన ఫోను నాకు పెద్ద అపకారం చేసింది. "మీవాళ్ళు కంగారు పడుతున్నారు, రాయవమ్మా ఒక ముక్క" అని వారం రోజులుగా నా వెంట పడ్డాడు. ఆ "ఎగిరిపోతావా" తర్వాత, తువ్వాళ్ళు, సబ్బు కాకుండా అతను ఇంకో మాట మాట్లాడటం ఇదే.

కోపం కాదు వదినా. సిగ్గు.

మొదటి శుక్రవారం నిజంగానే వెళ్దామని బయల్దేరాను. మంచి చీర కట్టుకున్నాను. టికెట్ల కిటికీ దాకా వెళ్ళాను. నా ముందున్నాయన "రెండు" అన్నాడు. అతని ముందున్నావిడ "నాలుగు" అంది. నా వంతు వచ్చింది, "ఒకటి" అనాలి. పక్కకి తప్పుకున్నాను. ఇంతా చేసి నీకు "వెళ్ళు, ఏమవుతుంది" అని నీతులు చెప్పినదాన్ని. వినపడని నువ్వు వెళ్ళి కూర్చుని వచ్చావు. అన్నీ వినపడే నేను గేటు దగ్గర నిలబడి టీ తాగాను. కోర్టు సినిమా వదిలాక బయటికి వస్తున్నవాళ్ళని ఒక్కొక్కర్నీ ఆపి అడిగాను, అందుకే కథ చాలావరకు సరిపోయింది. తల్లి సీను మాత్రం నాది. దీపస్తంభానికి అడుగుదామంటే జనమే లేరు. వచ్చిన ఇద్దరూ, అడిగితే తిడతారేమో అన్నంత చిరాగ్గా విసవిసా వెళ్ళిపోయారు. అందుకని పోస్టరు చూసి అల్లాను. అతగాడు ఆ పిల్లని ఇసకలో దొర్లిస్తాడని నాకేం తెలుసు! నువ్వు ఒక కన్ను తెరిచి చూడటం చదివి, దుప్పట్ల కుప్ప మీద పడి నవ్వాను. తర్వాత చాలాసేపు లేవలేదు.

నువ్వు కనిపెట్టేశావని తెలిశాక, నాకు అక్కడ ఇంకేం పని మిగిలింది అనిపించింది. పని లేని చుట్టం మొహం చూపించకూడదని రాయడం మానేశాను. నీ ఆఖరి ఉత్తరం వచ్చింది. చదివాను. దాని గురించి ఇక్కడ ఏమీ రాయను, రాస్తే ఈ కాగితం తడిసిపోతుంది, మళ్ళీ మొదట్నుంచి రాయాలి.

ఇవాళ వెళ్ళాను వదినా. లోపలికి. రైలు సినిమాకి.

కిటికీ దగ్గర "ఒకటి" అన్నాను. నా గొంతు నాకే కొత్తగా ఉంది. లోపలి సంగతులు కావాలన్నావుగా, రాసుకో. నా సీటులో స్పంజి ఎడమవైపు దిగిపోయింది, సినిమా అంతా ఒక పక్కకి ఒరిగి చూశాను. ఏసీ చలి చెవుల్లోకి దూరింది. ముందు వరసలో భార్యాభర్తలు, ఇంటికి తాళం వేశామా లేదా అని మొదటి పాట అయ్యేదాకా వాదించుకున్నారు. వేశారని తేలింది. నేలంతా ఏదో జిగురు, కాలు ఎత్తినప్పుడల్లా చెప్పు అంటుకుంటోంది. నా కుడిపక్క ఒక ముసలాయన.

కథ ఇది. ఈసారి కల్పన లేదు. ఒక నర్సు పిల్ల. ఇంట్లో తండ్రి ఒక్కడే. వాళ్ళిద్దరికీ మాటల్లేవు, ఎందుకో సగందాకా చెప్పలేదు. తండ్రి కూతురికి కంచంలో అన్నం పెట్టి వేరే గదిలోకి వెళ్ళి కూర్చుంటాడు. దూరంగా ఎక్కడో ఉద్యోగం వచ్చిందని కూతురు చెప్తుంది. "వెళ్ళు" అంటాడు. "వెళ్ళమంటే వెళ్తాను" అంటుంది. "వెళ్ళమనే కదా అన్నాను" అంటాడు. ఇంతకన్నా మాటలు ఎక్కువ లేవు, నీకు బాగా సరిపోతుంది. ఆ పిల్ల పెట్టె పట్టుకుని స్టేషనుకి వస్తుంది. రైలు కదులుతోంది. ఒక కాలు మెట్టు మీద, ఒక కాలు ప్లాట్‌ఫారం మీద ఉండగా వెనక్కి తిరిగి చూస్తుంది. ఎవర్ని చూసిందో చూపించలేదు. ఇంటర్వెల్.

దీపాలు వెలిగాయి. అందరూ పక్కనున్నవాళ్ళ వైపు తిరిగారు, టీయా కాఫీయా అని. నేనూ తిరిగాను వదినా. అన్నయ్యతో వెళ్ళినప్పటి అలవాటుగా తిరిగేశాను, ఏదో చెప్దామని నోరు కూడా తెరిచాను. ముసలాయన "ఏమ్మా?" అన్నాడు. ఏం లేదండీ అని లేచి బయటికి వచ్చేశాను. మళ్ళీ లోపలికి వెళ్ళలేకపోయాను. సగం చూశాను. ఈ సగం మాత్రం నిజంగా చూశాను.

ఈ ఉత్తరం అందాక వచ్చే ఆదివారం నువ్వు పండ్ల దుకాణం ముందు నిలబడొద్దు. కవల పిల్లల సంగతి వదిలెయ్యి. తిన్నగా వంతెన పక్కన చిన్న హాలుకి వెళ్ళు. మొదటి సగం నీకు తెలుసు, కాబట్టి స్థిమితంగా కూర్చో. రెండో సగం నాకు తెలియదు. ఎవర్నీ అడగలేదు కూడా. గేటు దగ్గర ఆగకుండా గదికి వచ్చేశాను, ఎవరి నోటా వినకూడదని.

ఆ పిల్ల రైలెక్కిందో, దిగిపోయిందో నువ్వు చూసి రాయి. వాళ్ళేం మాట్లాడుకున్నారో వినపడకపోతే పోనీ, నీకు ఎలా కనపడిందో అలాగే రాయి. నాకు ఆత్రంగా ఉంది.

నీ టపాకాయ